మంద తోక దగ్గర పెట్టిన గుర్తు

మా మరిది పోయిన కబురు నాకు ఒక ట్రాక్టరు తోలేవాడు చెప్పాడు. ఉప్పునుంతల అవతల ఒక రైతు చేనులో మా గొర్రెల మంద దిగి ఉంది. మంద నీళ్లకు పోయింది. నేను జ్వరంతో ఉన్న మరిది కోసం పొయ్యి మీద జావ కాస్తున్నాను. ఆయన అప్పటికే నా మాట వినకుండా ఎండలో లేచి వెళ్లిపోయాడు. ట్రాక్టరు రోడ్డు మీద ఆగింది. ఇంజను ఆపకుండానే అతను కేకేశాడు.

"ఓ అవ్వా! మీ గొర్లాయన గా మలుపు కాడ పడివున్నడు. పిలిస్తె పలుకుత లేడు. జర జల్ది రా!"

జావ దించానో లేదో నాకు గుర్తు లేదు. నేను పోయేసరికి కూలికి పోయి వస్తున్న ఆడవాళ్లు తమ సీసాల్లోని నీళ్లు ఆయన మొహం మీద, ఛాతీ మీద పోస్తున్నారు. తలపాగా విడిపోయి రోడ్డు మీద పొడుగ్గా పడి ఉంది. అదే ట్రాక్టరులో వేసుకుని దవాఖానకు పోయాం. డాక్టరు చెయ్యి పట్టి చూసి, వడదెబ్బ అన్నాడు, ప్రాణం దారిలోనే పోయిందన్నాడు. అంతే. పుట్టినప్పటి నుంచి ఎండలో తిరిగిన మనిషి ఎండకే పోయాడు.

అది పోయిన ఎండకాలం మాట. అప్పటి నుంచి కొత్తకోట చుట్టుపక్కల మా కులపోళ్ల నోట ఒకటే మాట: "మిషన్ను నమ్ముకొని సచ్చిండు." చావుకు వచ్చినవాళ్లు అన్నారు. దినాలకు వచ్చినవాళ్లు అన్నారు. సంతలో గొర్రెల బేరగాళ్లు కూడా అంటున్నారు, నవ్వుతూ అంటున్నారు. ఆ మాట అబద్ధం. అది అబద్ధమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను. నాకు అక్షరం రాదు. ఇది రాస్తున్నవాళ్లను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, నా మాటలను మెత్తబరచవద్దన్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆయనకు మీసం రాలేదు. నా చేతి ముద్ద తిని పెరిగాడు. పెళ్లి చేశాం. ఆ పిల్ల కొన్నాళ్లకే జబ్బు చేసి పోయింది. మళ్లీ చేసుకోమని ఎంత చెప్పినా వినలేదు. "నేనే గొర్ల ఎన్క నడిచేటోన్ని వదినె, నా ఎన్క నడువుమని ఇంకొకదాన్ని ఎట్ల పిలుస్త?" అనేవాడు. నా పెనిమిటి పోయాక మంద బరువంతా ఆయన మీదే పడింది. నా కొడుకుకు నడక నేర్పింది ఆయన, కర్ర పట్టడం నేర్పింది ఆయన, ఈనలేని గొర్రెకు చెయ్యి పెట్టి పిల్లను ఎలా తియ్యాలో నేర్పింది ఆయన. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నా కొడుకు గురించి ముందుముందు చెప్పాల్సి ఉంది.

గొర్రెలతో నడవని వాళ్లకు ఒక సంగతి తెలియదు. మందకు ముందు ఒకడు నడుస్తాడు. వాడు పిలుస్తుంటే గొర్రెలు వాడి వెంట పోతాయి. చూసేవాళ్లు వాడే పెద్ద అనుకుంటారు. కాదు. మందకు పెద్ద వెనక ఉంటాడు. కుంటి గొర్రె, నిండు చూలు గొర్రె, తల్లిని తప్పిన పిల్ల, అన్నీ వెనకబడతాయి. చివరి గొర్రె ఎలా నడుస్తుందో చూస్తేనే మంద బాగుందో లేదో తెలుస్తుంది. మంద చివరను మేం తోక అంటాం. మా మరిది బతుకంతా ఆ తోక దగ్గరే గడిచింది. ముందు నడిచినవాళ్ల దుమ్మంతా తిన్నాడు. రాత్రి అన్నానికి కూర్చుంటే మొదటి ముద్దకు ముందు నోరు పుక్కిలించి ఊసేవాడు. ఎర్రగా, మట్టి.

వరి కోతలయ్యాక మేం గద్వాల వైపు పోతాం, కాలువ కింది మడులకు. ఎండలు ముదిరాక ఇటు తిరిగి తిమ్మాజిపేట మీదుగా ఉప్పునుంతల వైపు, నల్లమల అంచుకు పోతాం. నేను సామాను ఆటోలో గిన్నెలతో ముందు పోయి పొయ్యి పెడతాను. ఆయన దారులన్నీ గుర్తుల మీద నడిచేవి. రెండు తాటిచెట్లు కలిసి పెరిగిన చోట ఎడమకు, తెల్లబండ దగ్గర కిందికి, పాత మోటబావి దాటాక వాగులోకి. ఆ గుర్తులన్నీ ఒక్కొక్కటే పోయాయి. రోడ్డు వెడల్పు చేస్తామని చెట్లు కొట్టారు. తెల్లబండను కంకర మిషను మింగింది. బావిని పూడ్చి, ప్లాట్లని రాళ్లు నాటి, కంచె వేశారు. ఒక ఏడు ఆయన తిమ్మాజిపేట దాటాక ఒక కంచె ముందు నిలబడిపోయాడు. మంద అంతా ఆయన వైపు చూస్తోంది. దారి తప్పిన మనిషి మొహం నేను ఆ రోజే చూశాను, ఆ మొహం మీద.

ఆ మరుసటి చలికాలం గద్వాల దగ్గర మేం మంద పెట్టిన చేను పక్కనే కాలువ కొలిచేవాళ్లు డేరా వేశారు. వాళ్లలో ఒకాయన మెడలో పచ్చటి డబ్బా లాంటిది వేలాడుతోంది. మా మరిది అడిగాడు, అది ఫోనా అని. కాదన్నాడాయన. దానిని జీపీఎస్ అంటారట. టవర్లు అక్కర్లేదట, ఆకాశంలో తిరిగేవాటి మాట విని మనం ఎక్కడున్నామో చెబుతుందట. తెల్లవారి మంచు కమ్మింది. ఎదుటి మనిషి కనబడడం లేదు. ఆ కొలిచే ఆయన దాని వంక చూసుకుంటూ మడుల్లోకి నడిచి, ముందురోజు పాతిన చిన్న మేకు మీద చెయ్యి పెట్టి వచ్చాడు. మా మరిది అదంతా చూస్తూ నిలబడ్డాడు. మంచు విడిచాక నాతో అన్నాడు:

"వదినె, చెట్టును గుర్తు పెట్టుకుంటె చెట్టును నరికిండ్రు. బండను పెట్టుకుంటె పేల్చిండ్రు. ఆకాశంల పెట్టుకుంటె ఎవడు నరుకుతడో సూస్త."

నా కొడుకు నవ్వాడు. "సిన్నాయినా, నా ఫోన్ల మ్యాపు ఉన్నది గద. గా డబ్బ ఎందుకు మల్ల?"

"నీ ఫోను పొద్దుగాల లేస్తది, పగటికే పండుకుంటది. అచ్చం నీ లెక్కనే," అన్నాడు ఆయన.

నా కంటి ఆపరేషనుకు హైదరాబాదు పోయినప్పుడు ఆయన నాకు తోడు వచ్చాడు. దవాఖాన నుంచి తిన్నగా నన్ను ఒక దుకాణానికి తీసుకుపోయాడు. నా ఒక కంటికి కట్టు. దుకాణం ఆయన మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఫోనులా మెరుస్తోంది, అద్దమంతా వేలితో తాకేది. ఒకటి చేతి గడియారం అంత చిన్నది. మూడోది బొద్దుగా, నారింజ రంగుది, పక్కన బొత్తాలు. మెరిసేది తీసుకోమన్నాడు. మా మరిది దాని మీద వేలు పెట్టి రుద్దాడు. ఏమీ కదల్లేదు. మళ్లీ రుద్దాడు. కర్ర పట్టి, ముల్లు తీసి, పాలు పితికి ఆ వేలు బెరడులా అయ్యింది.

"వదినె, నా వేలు దీనికి మనిషి వేలు లెక్క కనబడ్తలేదు," అన్నాడు.

దుకాణం ఆయన నవ్వాడు. "చాచా, కొంచెం నూనె పూసుకోండి."

"గొర్ల ఎన్క నూనె సీసా పట్కొని తిరగాల్నా? బొత్తాలది ఇటియ్యి."

తన గొంగడి కొసను వేళ్లకు చుట్టుకుని ఆ బొత్తాలు నొక్కి చూశాడు. చలిలో, వానలో చెయ్యి గొంగడిలోనే ఉంటుంది కదా. పని చేశాయి. తర్వాత అడిగాడు, ఇది ఏం తింటుందని. మెరిసేదానికి లోపలే బ్యాటరీ, తీగ పెట్టి కరెంటు ఎక్కించాలి. బొద్దుదానికి గోడగడియారంలో వేసే సెల్లు రెండు. "అవి ఏ కిరాణం కొట్ల అన్న దొరుకుతయి. కరెంటు నా గొర్లకాడికి రాదు," అన్నాడు. తర్వాత రెండింటినీ ఎండలోకి తీసుకుపోతానన్నాడు. దుకాణం ఆయన భయపడి వెంట వచ్చాడు. రోడ్డు మీద మిట్ట ఎండలో మెరిసే అద్దం చీకటైపోయింది, అందులో మా మొహాలే కనబడ్డాయి. ఆ బొద్దుది దుకాణంలో వెలవెలబోయినట్టు ఉన్నది, ఎండ తగలగానే తేటగా కనబడింది. నా ముందు పెట్టి, "ఏం కనబడ్తది వదినె?" అన్నాడు.

"నీటి చుక్క బొమ్మ," అన్నాను.

"ఒంటి కన్నుదానికి కనబడ్డదంటె ఇంకేం కావాలె," అన్నాడు. నేను అక్కడే వీపు మీద ఒకటి వేశాను.

చివరి పరీక్ష ఎవరూ అడగకముందే జరిగిపోయింది. దుకాణం మెట్ల మీద దాన్ని భుజం ఎత్తు నుంచి వదిలేశాడు. దుకాణం ఆయన "అరే అరే" అన్నాడు. తీసి చూస్తే బొమ్మ అలాగే ఉంది. "గొర్రె తొక్కినా బత్కుతది," అని దాన్నే కొన్నాడు. నారింజ రంగు ఎందుకంటే, ఎండుగడ్డిలో పడితే దొరుకుతుందని. నేను ఉన్నితో తాడు పేని మెడకు కట్టాను. అంత ఆలోచించి ఎంచుకున్న మనిషిని పట్టుకుని, పిచ్చిగా నమ్మాడంటున్నారు.

నమ్మడం కాదు, దాని స్వభావం తెలుసుకున్నాడు. కొత్త గొర్రెను మందలో కలిపేటప్పుడు చూసినట్టు చూశాడు. పొద్దున్నే దాన్ని చెట్టు కింద కాదు, బయలులో ఒక రాయి మీద పెట్టేవాడు. నేను పిలిస్తే వేలు పెదాల మీద పెట్టుకునేవాడు. "ఆకాశాన్ని ఇంటున్నది, తొందర పెట్టకు." నిలబడి అడిగితే దాని బాణం అటూ ఇటూ తిరిగేది. కాస్త నడిస్తే కుదురుకునేది. "నిలబడినోనికి దిక్కు చెప్పదు ఇది, నడిచేటోనికే చెప్తది," అని నవ్వేవాడు. బాణం తిన్నగా చూపిస్తుంది, నడుమ కాలువ ఉన్నా, కంచె ఉన్నా, బావి ఉన్నా దానికి పట్టదు. "బాణం పిట్టకు చెప్తది. మనం దాన్ని గొర్రె మాటల్లకు మార్చుకోవాలె." వానాకాలం మంద ఇంటికొస్తే సెల్లు తీసేసి గుడ్డలో చుట్టి జొన్నల డబ్బాలో పెట్టేవాడు, లోపల కారి పాడవుతుందని. మిగిలిన సెల్లు బియ్యం కుండలో ఉండేవి. ఒకసారి అన్నంలో ఒకటి వచ్చింది. ఆ రోజు ఆయన నన్ను తిట్టలేదు, సెల్లు ఉడికినా పని చేస్తుందేమో అని వేసి చూశాడు.

ఆయనకూ పెద్దగా చదువు లేదు. పేర్లు రాయకుండా బొమ్మలే పెట్టుకున్నాడు. నీళ్లకు చుక్క. మందు కొట్టే చేలకు పుర్రె. మందను చేనులో పెట్టుకుని మర్యాదగా చూసే రైతుకు డేరా. ఆ డేరాలు ఏటేటా తగ్గుతూ వచ్చాయి, పుర్రెలు పెరుగుతూ వచ్చాయి. ఒకరోజు చూపించి, "సూడు వదినె, మన దారి నిండ పుర్రెలే, బొక్కలే," అన్నాడు.

ఇప్పుడు ఆ రోజు గురించి చెబుతాను.

ఉప్పునుంతల చేరిన నాటికే ఆయనకు జ్వరం. తెల్లవారి లేవలేకపోయాడు. మందను తాగడానికి వాగులోని మడుగుకు తీసుకుపోవాలి. అక్కడికి మేం ముందటేడు పోయాం, అప్పుడు నా కొడుకు రాలేదు, భార్య కాన్పుకని ఇంటి దగ్గర ఉన్నాడు. కాబట్టి ఆయన మెడలోని తాడు తీసి నా కొడుకు మెడలో వేశాడు.

"నీళ్ల బొమ్మ కాడికి పో బిడ్డా. బాణం సూస్కుంట పో. గాడ మడుగున్నది."

"నువ్వు పండుకో సిన్నాయినా. నేను సూస్కుంట."

అంతే మాటలు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. నా కొడుకు గొంతు, గాలిలో తెగి తెగి వస్తోంది. "సిన్నాయినా, నీళ్లు లేవు... ఎండిపోయింది... నేల పగిలివున్నది... మందను మళ్లిస్తున్న..." తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

మా మరిది లేచి కూర్చున్నాడు. తర్వాత తలపాగా చుట్టుకున్నాడు.

"వాడు తోక కాడ నిలబడ్డడు వదినె," అన్నాడు.

"ఏంది?"

"నేను నిలబడ్డ కాడ వాడు నిలబడ్డడు. నీళ్లు ముందర ఉన్నయి. మందను ఎన్కకు మళ్లిస్తె మల్ల యాడ నీళ్లు లేవు, సస్తయి."

"ఎండ సూడు. నీ ఒళ్లు సూడు, పెనం లెక్క కాల్తున్నది. పోకు."

"గొర్లను సూడు," అన్నాడు. చెయ్యి విడిపించుకున్నాడు. పోయాడు. ఆ తర్వాతే ట్రాక్టరు వచ్చింది.

ఆ మాట నాకు అప్పుడే అర్థమైంది, మీకూ అర్థం కావాలి. కంచెల మధ్య సందులో మంద పొడుగ్గా సాగుతుంది. ముందు గొర్రెలు నీళ్లలో మూతి పెడతాయి, మంద ఆగుతుంది. తోక దగ్గర ఆయన ఆగుతాడు. మంద ఆగింది, నీళ్లు దొరికాయి అని ఆయనకు తెలిసేది అప్పుడే. ఆగిన చోట బొత్తం నొక్కేవాడు, చుక్క బొమ్మ పెట్టేవాడు. అంటే ఆయన గుర్తులన్నీ నీళ్ల మీద లేవు. నీళ్లకు ఒక మంద పొడుగంత వెనక ఉన్నాయి. ఆయనకు అది తప్పు కాదు. మళ్లీ ఏడు ఆ గుర్తు చేరేసరికి ఆయన మళ్లీ తోక దగ్గరే ఉంటాడు, ముందు గొర్రెలు నీళ్ల దగ్గర ఉంటాయి. ఎప్పుడూ సరిగ్గానే కలిసేది. ఆ మిషను ఇంకొకరి చేతిలో మంద ముందు నడుస్తుందని ఆయనకు తోచలేదు. చెప్పకపోవడం ఆయన తప్పే. నేను దాచను. కానీ ఆయన తప్పు అంతవరకే.

నా కొడుకు ముందు నడిచాడు, చేతిలో మిషను పట్టుకుని. గుర్తు దగ్గర అది కూత పెట్టింది. చూస్తే ఎండిన గుంట, పగిలిన నేల. ముందు ఒక మిట్ట, దాని మీద సర్కారు తుమ్మ. గొర్రెలు ఆగలేదు. అవి ముందుకే లాగాయి. నడుమ నడిచే జీతగాడు తర్వాత నాకు చెప్పాడు: "గొర్లు మిట్ట దిక్కే ఉరుకుతుండె అవ్వా. మీ కొడుకు బాణం ఎన్కకు తిరిగిందని ఎన్కకు కొట్టిండు." అవును, గుర్తు దాటితే బాణం వెనక్కి తిరుగుతుంది. గొర్రె ముక్కు నీళ్లంటోంది, బాణం వెనక్కంటోంది. వీడు బాణం మాట విన్నాడు. ఇప్పుడు చెప్పండి, మిషన్ను నమ్మింది ఎవరు?

మందలో కొన్ని ఆ పొద్దే పడిపోయాయి. మిగిలినవాటిని ఒక రైతు మోటారు వేసి బతికించాడు. ఆ రైతు ఇంటికి మేం ఇంకా ఒకసారి పోయి దండం పెట్టి రావాలి.

దినాలయ్యాక నేను నా కొడుకు చేత సామాను ఆటో తోలించుకుని అదే చోటికి పోయాను. నడుమ ఒక చినుకు పడలేదు. దారంతా వాడు గునుస్తూనే ఉన్నాడు.

"ఎందుకవ్వా, అయిపోయిందాన్ని మల్ల తవ్వుడు?"

"నోరు మూస్కొని నడుపు."

మిషన్ను బయలులో పెట్టి అది ఆకాశం వినేదాకా కూర్చున్నాను. నాకు చుక్క బొమ్మ తెలుసు, బాణం తెలుసు. అంత చాలు. ఆటో పోనంత దూరం పోయాక దిగి నడిచాం. కూత పెట్టింది. అదే ఎండిన గుంట.

"సూసినవా? గిదే. నీళ్లు ఉన్నయా?" అన్నాడు వాడు.

"మీ సిన్నాయిన మందల యాడ నడుస్తుండె?"

"ఎన్క."

"ఇది ఆయన నిలబడ్డ జాగ. మరి మంద మొకం యాడుంటది?"

వాడు మిట్ట వంక చూశాడు. తుమ్మ కంప తప్పించుకుంటూ ఎక్కాడు. అవతలికి దిగి కనబడకుండా పోయాడు. ఎంతకూ రాలేదు. నా మోకాళ్లతో నేను పాకినట్టే ఎక్కాను. కింద వాగు మలుపులో, రాళ్ల మధ్య, మడుగు. పెద్దది కాదు. మా మందకు చాలు. అంచున ఎవరివో గొర్రెల గిట్టలు, తాజావి. కొంగ ఒకటి నిలబడి ఉంది. నా కొడుకు బురదలో చతికిలబడి, చేతులు నీళ్లలో పెట్టి కూర్చున్నాడు.

"అవ్వా," అన్నాడు, "ఇది పదిమందిల సెప్తె నేను బత్కలేను."

"బత్కాలె. బత్కి నువ్వే సెప్పాలె."

సరేనన్నాడు. నా చెయ్యి పట్టుకుని అన్నాడు. మిట్ట దిగేటప్పుడు నన్ను వీపున మోసుకుని దించాడు. నేను నమ్మాను.

బీరప్ప గుడి ముందు కులం కూర్చుంది. మందకు జరిగిన నష్టం, చావు, అన్నీ మాట్లాడారు. కులపెద్ద నా కొడుకును నిలబెట్టి అడిగాడు.

"ఏమ్రా, గా మిషన్ నిన్ను నీళ్లు లేని కాడికి తీస్కపోయిందా, లేదా?"

నా కొడుకు నేల చూశాడు. నేను వాడి నోరు చూస్తున్నాను.

"తీస్కపోయింది," అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఒక్క మాట లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అబద్ధం ఆడలేదని అనుకున్నాడేమో. వాడిని పెంచిన మనిషిని ఒక్క మాటతో పిచ్చివాడిని చేసి కూర్చున్నాడు.

నేను లేచాను. మిట్ట సంగతి, మడుగు సంగతి, తోక సంగతి, అన్నీ చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. కులపెద్ద అన్నాడు:

"కూసో వదినె. నీకు గంట ఎంతయిందో సూసుడు రాదు. మిషన్ సంగతి నీకేం ఎరుక?"

"మిషన్ సంగతి వద్దు. గొర్రె నీళ్లు తాగుతుంటె దాని తోక యాడుంటదో నాకు ఎరుక. నీకు ఎరుకనా?"

నవ్వు పెద్దదైంది, నా మీద కాదు. దానితో కులపెద్ద మొహం నల్లబడింది. దుఃఖంలో ఉన్న ముసలిది, ఏదో అంటోంది, వదిలేయండి అన్నాడు. నా కొడుకు వైపు తిరిగాను. "ఓ కొడకా, మడుగు సూసినవా లేదా, గది సెప్పు." వాడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని లేచి పోయాడు. ఏడుస్తున్నాడని కొందరు జాలిపడ్డారు. కులంలో ఇక ఎవరూ మంద మీద మిషను పట్టకూడదని తీర్మానం చేశారు. మా మరిది పేరు ఆ తీర్మానంలో ఉంది. మంచి మాటగా కాదు.

వాడు నా కొడుకు. అన్నం పెడుతున్నాడు, మందులు తెస్తున్నాడు. ఆ సంగతి ఎత్తితే లేచి బయటికి పోతాడు. కోడలు మెల్లగా అంటుంది, పోయినాయన ఎట్లాగూ పోయాడు, ఉన్నవాడి పేరు చెడగొడితే నీకేం వస్తుందత్తా అని. ఏం వస్తుందో నాకూ తెలియదు. కానీ పోయినవాడికి ఇంకేమీ మిగలలేదు. పిల్లలు లేరు, భూమి లేదు, రాసిపెట్టిన కాగితం లేదు. పేరు ఒక్కటే ఉంది. దాన్ని కూడా బతికున్నవాళ్ల అవసరానికి వాడుకుంటామంటే నేను ఒప్పుకోను. ఆయన నాకు మరిది. అంతకంటే ముందు నా చేతుల మీద పెరిగిన పిల్లవాడు. ఈ గుట్టల మధ్య ఎక్కడెక్కడ నీళ్లున్నాయో ఒకరికి తెలిసేలా చేసి పోయాడు. ఆ గుర్తులు చూడాలంటే ఆయన నిలబడ్డ చోట నిలబడాలి. దానికి ఒక్కరికి మనసొప్పలేదు.

మొన్న మంద మళ్లీ బయలుదేరింది. మోకాళ్ల నొప్పితో నేను ఈసారి పోలేదు. పెద్ద రోడ్డు పక్కన నిలబడి చూశాను. నా కొడుకు ముందు నడుస్తూ పిలుస్తున్నాడు, మెడలో ఏమీ లేదు. నా వైపు చూడలేదు. జీతగాడు నడుమ ఉన్నాడు. గొర్రెలు పోయాయి, పోయాయి, లారీలు హారన్లు కొడుతుంటే పక్కకు ఒరుగుతూ పోయాయి. దుమ్ము కాస్త తగ్గింది. చివర ఒక చూలు గొర్రె మిగిలింది, కడుపు నేలకు తగిలేటంత. అది ఆగి, తల వెనక్కి తిప్పి చూసింది. దాని వెనక రోడ్డు ఖాళీగా ఉంది. ఎవరో వచ్చి అదిలించాలని అది అక్కడే నిలబడి ఉంది.